గుంజ పక్కన మనిషి

చచ్చిపోయి కూడా నన్ను విసిగించడం మానలేదు ఆ మనిషి.

మొన్న ఆయన కూతురు వచ్చింది. హసన్‌పర్తి నుంచి బస్సు దిగి, గడపలో చెప్పులు విడిచి, ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టి అడిగింది.

"కాకా, వచ్చే ఐతారం చర్చిల నాయిన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. పాస్టరుగారు ఒక ఫోటో తెమ్మన్నరు. ఇంట్ల ఒక్కటి గూడ లేదు. మీరు ఫుట్‌బాల్ ఆడినప్పటి ఫోటోలు నీ దగ్గర ఉంటయని నాయిన చెప్పేటోడు. ఒక్కటియ్యి, పెద్దగ చేపిచ్చుకోని మల్ల తెచ్చిస్త."

ఎందుకుండవు? ఆరున్నాయి. గోడకు మూడు, ట్రంకు పెట్టెలో మూడు. అన్నీ దించి, తువ్వాలుతో దుమ్ము తుడిచి మంచం మీద పరిచాను. ఆరింటిలోనూ నేనున్నాను. నాలుగింటిలో నట్టనడుమ, ఒళ్లో బంతి పెట్టుకుని కూర్చున్నాను. మా బ్యాకులున్నారు, ఫార్వర్డులున్నారు, సగం ఆటలో నిమ్మకాయ బద్దలు పంచే మనిషి కూడా ఉన్నాడు. గోలీ లేడు. ఏడెనిమిదేళ్లు మా వెనక నిలబడ్డవాడు ఒక్క దానిలోనూ లేడు.

"ఇన్నింట్ల ఒక్క దాంట్ల గూడ లేకపాయెనా?" అంది ఆ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ తలలో సగం తెల్లవెంట్రుకలే. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు.

ఆయనకో పేరుంది. చర్చిలో పెట్టిన చక్కని పేరు. అది మాకెప్పుడూ అవసరం పడలేదు. గోల్ దగ్గర నిలబడేవాడు గనక గోలీ. మిల్లులో గోలీ, చాయ హోటల్లో గోలీ, చివరికి ఆయన ఊళ్లో కూడా గోలీయే. నాకంటే ఆరేడేళ్లు పెద్ద గనక నేను మాత్రం అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అనేవాడు.

యాభైల చివర్లో సంగతి. వరంగల్‌లో ఒక జిన్నింగు మిల్లులో మేమంతా పని చేసేవాళ్లం. పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు. బండ్ల మీద పత్తి వచ్చినన్నాళ్లే మాకు కూలి, ఎండలు ముదిరి పత్తి అయిపోయిందంటే మళ్లీ దసరా దాటేదాకా ఎవరి దారి వాళ్లది. నేను కాంట దగ్గర బస్తాలు తూచేవాణ్ణి, గోలీ యంత్రానికి పత్తి అందించేవాడు. మా సేటుకు ఫుట్‌బాల్ అంటే వెర్రి. ఆయన పుణ్యమా అని మాకో జట్టు, డజను ఆకుపచ్చ బనీన్లు, ఒక తోలు బంతి ఏర్పడ్డాయి. నేను సెంటర్ ఫార్వర్డును, కెప్టెన్‌ను. గోల్ కొట్టేవాణ్ణన్నమాట. గోల్ కొట్టేవాడికి ఊరంతా చుట్టమే.

మేము ఆడే చోటు ఖిలాకు పోయే దారిలో ఉండేది. దాన్ని మైదానం అనడం మా గొప్ప. పొద్దంతా గొర్లు మేసే బీడు. గోల్ పోస్టుల్లేవు, రెండు రాళ్లు పెట్టుకుని ఆడేవాళ్లం. గోలీ వచ్చాక రాళ్లు పనికిరావన్నాడు. భార్య తరఫువాళ్లు ఏటూరునాగారం వైపు వెదురు నరికే పనిలో ఉంటే, వాళ్లచేత నాలుగు గట్టి వెదురు గుంజలు తెప్పించాడు. పురుగు పట్టకుండా నెల రోజులు వాటిని చెరువులో నానేశాడు. ఎండబెట్టి సున్నం పూశాడు. పైన అడ్డానికి కొబ్బరి తాడు. ఆట ఉన్న రోజు ఆ నాలుగూ సైకిలుకు కట్టి, ముందొక ఎర్రగుడ్డ, వెనకొక ఎర్రగుడ్డ వేలాడదీసి, హసన్‌పర్తి నుంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు. ఎక్కి తొక్కే వీల్లేదు. వచ్చీరాగానే గడ్డపారతో నాలుగు గుంతలు తీసేవాడు. ఎనిమిది గజాలకు ముడివేసిన తాడొకటి జేబులో ఉండేది. దాంతో ఇటు కొలిచి, అటు కొలిచి, మళ్లీ ఇటు కొలిచేవాడు. అవతలి జట్టు వచ్చి కూర్చున్నా సరే.

"రెండించులు అటిటైతె ఏమైతదే అన్నా?" అని నేను తల పట్టుకునేవాణ్ణి.

"రెండించుల సందుల బాల్ పట్టది గనీ లొల్లి పడ్తది తమ్మీ," అనేవాడు.

ఆట అయిపోయాక మళ్లీ అదే తంతు. పీకాలి, మట్టి తుడవాలి, సైకిలుకు కట్టాలి. మిల్లులో పెట్టరాదా అంటే, "మిల్లుల పెడితె పొయ్యిల పెడ్తరు," అనేవాడు. ఒకసారి, ఒకే ఒక్కసారి, నా పోరు పడలేక గుంజలు అలాగే వదిలేసి మాతో చాయకు వచ్చాడు. తెల్లారి చూస్తే నాలుగూ లేవు. రెండు రోజులు వెతికాడు. మూడో రోజు మట్టెవాడలో ఒక పెళ్లి పందిరి కింద దొరికాయి. మామిడాకుల తోరణాలు కట్టుకుని, పసుపు పూయించుకుని నిలబడి ఉన్నాయి.

మరొకడైతే అక్కడే రచ్చ చేసేవాడు. ఈయన లోపలికి పోయి పంక్తిలో కూర్చుని పప్పన్నం తిన్నాడు. మగపిల్లవాడి తరఫు చుట్టమనుకుని వాళ్లు ఒక తువ్వాల కూడా పెట్టారు. అప్పగింతలయ్యాయి, పెళ్లికూతురు బండెక్కింది, అప్పుడు లేచి, "ఇగ ఈ గుంజలు నావి," అని పీక్కుని వచ్చాడు.

"అడిగి తీసుకోరాదా అన్నా, అన్ని గంటలు కూర్చునుడెందుకు?" అన్నాను.

"లగ్గం గాకముందే పందిరి గుంజ పీకుతరా? జర అక్కలుండాలె తమ్మీ."

అక్కలంటే బుద్ధి. నాకు బుద్ధి లేదని అర్థం. ఆ తువ్వాలే తర్వాత నాలుగేళ్లు గోల్‌లో చేతులు తుడుచుకునే గుడ్డ అయింది. ఆ రోజు నుంచి మాత్రం, రెఫరీ ఆఖరి ఈల వేయడమే ఆలస్యం, గోలీ గడ్డపార తీసుకునేవాడు. మాకు దండలు వేసేటప్పుడు, లడ్డూలు పంచేటప్పుడు, ఫోటోలు తీసేటప్పుడు ఆయన ఎక్కడో ఒక గుంజ పట్టుకుని ఊపుతూ ఉండేవాడు. మొదట్లో పిలిచేవాళ్లం. తర్వాత పిలవడం మానేశాం.

ఆయన వేషం చెప్పాలి. కాళ్లకు ఏమీ లేదు, మా అందరివీ ఉత్త కాళ్లే. మోకాళ్లకూ మోచేతులకూ గుడ్డ సంచులు, లోపల మిల్లు పత్తి, భార్య కుట్టినవి. రెండుసార్లు కింద పడ్డాడంటే కుట్లు ఊడి దూది లేచేది. కుడిచేతి చిటికెనవేలు విరిగి పక్కకు తిరిగి ఉండేది. ఆట మొదలయ్యే ముందు ఒక చేయి గుంజ మీద వేసి కళ్లు మూసుకునేవాడు.

"గోల్ పడొద్దని మొక్కుతున్నవా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"అది నా పని, దేవునికెందుకు? గుంజ పడిపోకుండ జూడమంటున్న," అన్నాడు.

ఇక నోరు. ఆట మొదలైన దగ్గర్నుంచి ఆగేది కాదు. "ఎడమకు, ఎడమకు! నీ కండ్లు యాడ పెట్టినవ్‌ర? వాని కాలు జూడకు, నడుము జూడు! ఒరే, మనిషి ఖాళీగున్నడు, ఖాళీగున్నడు!" మేము అవతలి గోల్ మీద దాడి చేస్తున్నా వెనక నుంచి ఆ గొంతు వస్తూనే ఉండేది. ఇక్కడ ఎవరూ లేరు కదా, ఎవరిని తిడుతున్నావని అడిగితే నా మీదికే వచ్చాడు. "మీరంత అటు ఉరుకుతరు. నేనొక్కన్నే ఎవలితోని మాట్లాడాలె? గుంజతోని మాట్లాడాల్నా?"

నాలుగు సున్నాతో గెలిచిన రోజు ఎవడో వేళాకోళమాడాడు. "ఇయ్యాల నీకు పనే లేకపాయె గోలీ. కూలి దండుగ."

"రాకుండ జేసుడు పని గాదా?" అన్నాడు. తర్వాత నాకేసి తిరిగి, "గోల్ కొట్టుడు ఒక్క తన్ను పని. ఆపుడు పొద్దుమూకేదాక పని," అన్నాడు. నాకు రోషం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకు ఆ సంగతి తెలిసినట్టే లేదు.

వీటన్నిటికంటే నన్ను కాల్చుకు తిన్నది ఇంకొకటి. ఒక ఆటలో మా రైట్ బ్యాక్ జారి పడ్డాడు, బంతి లోపలికి పోయింది, ఓడిపోయాం. చాయ హోటల్లో అందరి ముందూ నేనన్నాను, గోలీ నిద్రపోయాడని. అందరూ ఔనన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, "ఔ, జర ఎడమకు ఉండాల్సుండె," అని తలూపాడు. తప్పు నాది కాదు అనడానికి ఏం పోయింది? అనడు. అనకపోతే లోకం ఊరుకుంటుందా? గోల్ పడితే తిట్లన్నీ ఆయనకు, గోల్ కొడితే దండలన్నీ నాకు. ఇదెలా ఏర్పాటయిందో అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు. దండ వేసుకునేవాడు ఎందుకడుగుతాడు?

ఆపినవాణ్ణి ఎవరూ చూడకపోవడానికి మా ఊళ్లో ఇంకో కారణం కూడా ఉంది. మా జనం ఒక చోట నిలబడేవాళ్లు కాదు. మేము ఏ గోల్ మీద కొడుతున్నామో ఆ గోల్ వెనక్కి చేరేవాళ్లు. సగం ఆటయ్యాక మేము వైపు మారితే, వాళ్లు కూడా చుట్ట బీడీలతో సహా బీడుకు అడ్డంగా నడిచి ఆ వైపుకు వచ్చేవాళ్లు. సేటు కుర్చీని ఇద్దరు మోసుకొచ్చేవాళ్లు. అంచేత మా గోల్ వెనక ఎప్పుడూ నరమానవుడు ఉండడు. ఒకటి రెండు గొర్రెలుంటే ఉండవచ్చు.

ఆ ఏడు సంక్రాంతి షీల్డుకు ముందు సేటు మమ్మల్నందర్నీ పిలిచాడు. షీల్డు తెస్తే ఆడిన పదకొండు మందినీ ఏడాది పొడుగునా నెల జీతం మీద పెట్టుకుంటానన్నాడు. మాకందరికీ సంతోషమే. గోలీకి మాత్రం అది సంతోషం కాదు, ప్రాణం. పత్తి అయిపోగానే ఆయన పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని బావులు తవ్వే పనికి ములుగు వైపు పోయేవాడు. వానలు పడి బడి తెరిచే వేళకు ఏ ఊళ్లో ఉంటారో వాళ్లకే తెలియదు. కూతురికి అప్పటికి ఎనిమిదేళ్లు. ఒక సీజను బడికి పోతే పలక మీద అక్షరాలు వచ్చేవి, ఎండాకాలం దాటేసరికి పోయేవి. ఫైనల్ రోజు గుంతలు తవ్వుతూ నాతో అన్నాడు.

"ఈ తాప గెలిస్తె పిల్లను బడి మాన్పియ్య తమ్మీ. ఈడనే ఉంటం."

ఆయన ఆట సంగతి తప్ప ఇంకో సంగతి నాతో మాట్లాడటం అదే మొదలు.

ఫైనల్లో మా మీదికి కాజీపేట జట్టు వచ్చింది. గట్టివాళ్లు, బూట్లున్నవాళ్లు. మొదటి సగంలోనే నేనొక గోల్ కొట్టాను. రెండో సగంలో జనమంతా కుర్చీలతో సహా ఇవతలికి వచ్చి, నేను ఇంకోటి కొడతానని ఎదురుచూస్తూ నిలబడ్డారు. నేను కొట్టలేదు. బంతి నా దాకా రానేలేదు. ఆ సగమంతా కాజీపేట వాళ్లు మా గోల్ మీదే పడి ఉన్నారు. నేను మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూశాను. దూరంగా దుమ్ము, దుమ్ములో దూది, ధన్ ధన్‌మని బంతి చప్పుడు, ఆ గొంతు. ఎన్నిసార్లు ఆపాడో, ఎలా ఆపాడో నాకు తెలియదు. సాక్ష్యం చెప్పమంటే నేను కూడా చెప్పలేను.

ఈల పడింది. ఒకటి సున్నా. నన్ను భుజాల మీదికి ఎత్తారు. సేటు ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి ఉన్నాడు. బీడు మధ్యలో మూడుకాళ్ల మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, వెలుతురు పోతున్నది తొందరగా రండని అతను గోల పెడుతున్నాడు. మేము వరసకడుతుంటే, గోలీ అవతలి గోల్ గుంజలు రెండూ పీకి సైకిలు దగ్గర పడేసి, గడ్డపార భుజాన వేసుకుని మా పక్కనుంచే ఇవతలి గోల్ వైపు పోయాడు.

"రా అన్నా, ఫోటో!" అన్నాను.

"రెండే ఉన్నయ్. పీకి వస్త."

ఇంత జనంలో, అందరి కళ్ల ముందు, ఎవడెత్తుకుపోతాడయ్యా ఆ గుంజలు? ఫోటోగ్రాఫర్ గుడ్డలోంచి తల బయట పెట్టి, "అందరు వచ్చిండ్రా?" అని అరిచాడు. నేను మళ్లీ పిలిచాను.

"ఒక్కటే ఉన్నది తమ్మీ!" అని చెయ్యెత్తాడు.

నేను వరస లెక్కపెట్టాను. పదకొండు తలలున్నాయి. ఆకుపచ్చ బనీను వేసుకుని నిమ్మకాయ బద్దలు పంచే మనిషి, మా మిల్లు గుమాస్తా బామ్మర్ది, చివర నిలబడి ఉన్నాడు. పాపం అతను పిలవని పేరంటానికి వచ్చినవాడు కాదు, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. నాకు విసుగ్గా ఉంది, వెలుతురు పోతున్నది, మెడలో దండ గుచ్చుకుంటున్నది. "పదకొండు మంది ఉన్నరు. తియ్యి," అన్నాను.

వారం తర్వాత ఫోటో వచ్చింది. గుమాస్తా నన్ను పిలిచి, ఎడమ నుంచి కుడికి పేర్లు చదవమన్నాడు. గోడకు తగిలించడానికనుకుని చదివాను. ఫోటో వెనక కూడా నా చేత్తోనే రాశాను. ఆ పదకొండు పేర్లూ మర్నాడు నెల జీతం పట్టీలోకి ఎక్కాయి.

తెలిసిన వెంటనే సేటు దగ్గరికి పోయాను. పోలేదని ఎవరూ అనుకోవద్దు.

"ఫుట్‌బాల్ల ఎంతమంది ఆడ్తరు?" అన్నాడు సేటు.

"పదకొండు మంది సేట్."

"ఫోటోల ఎంతమంది ఉన్నరు?"

"పదకొండు."

"మరి ఈ పన్నెండోడు యాడికెల్లి వచ్చిండు?"

ఆ చివరివాడు ఆడలేదు సేట్ అనే మాట నా గొంతు దాకా వచ్చింది. గుమాస్తా పక్కనే నిలబడి నన్నే చూస్తున్నాడు. నా హాజరు వేసేది ఆయనే. ఆడలేదంటే అతని బామ్మర్ది నోటి దగ్గర కూడు తీసినట్టు. నేను ఆ మాట మింగేసి, "గోలీ మంచోడు సేట్," అన్నాను.

"మంచోడైతె సీజన్ల రమ్మను," అన్నాడు సేటు.

సంగతి చెప్పడానికి హసన్‌పర్తి పోయాను. వాకిట్లో గుంజలు పరుచుకుని సున్నం పూస్తున్నాడు. కూతురు వచ్చి చెంబుతో నీళ్లిచ్చి పోయింది. నేను చెప్పినదంతా కుంచె ఆపకుండా విన్నాడు.

"లెక్క ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు.

"నేనే అన్నా."

"పదకొండు వచ్చినయా?"

"వచ్చినయ్."

"ఇగ నీ తప్పేమున్నది?"

దాని బదులు ఆ సున్నం కుండ నా నెత్తిన బోర్లించినా బాగుండేది. "తిట్టు అన్నా, ఒక్క మాటన్న తిట్టు," అన్నాను.

"తిట్టనీకి నువ్వేమన్న గోల్ ఇడిచినవా? ఆ గుంజలు అట్లనే ఇడిచిపెడితె మల్ల ఎవలి లగ్గంలనో కూసోవాల్సొస్తుండె," అని నవ్వాడు. నవ్వి, పూసిన గుంజకే మళ్లీ సున్నం పూశాడు. రెండోసారి, మూడోసారి కూడా పూశాడు. నేను లేచి వచ్చేశాను.

ఆ ఎండాకాలం ఎప్పటిలాగే పిల్లను తీసుకుని ములుగు వైపు పోయాడు. సీజనుకు ఎప్పటిలాగే వచ్చాడు. మొదటి ఆటకే ముందొక ఎర్రగుడ్డ, వెనకొక ఎర్రగుడ్డ. ఏ మొహం పెట్టుకుని వచ్చావని నన్ను నేనే అడగవలసింది పోయి, ఆయన మీద విసుక్కున్నాను. జట్టు మానేసి ఉంటే నాకు కొంత నిమ్మళంగా ఉండేది. మానలేదు. అదే గొంతు, అదే తాడు, అదే కొలత.

ఇంకా నాలుగైదేళ్లు ఆడాడు. తర్వాత ఊరి పెద్దలు పూనుకుని బీడులో ఇనుప పోస్టులు పాతించారు. మొదటి రోజే జేబులోంచి తాడు తీసి కొలిచి, ఒక దిక్కు మూడించులు తక్కువుందన్నాడు. కనపడ్డవాడికల్లా చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖమే. ఆ రోజు ఆట అయ్యాక పీకడానికేమీ లేదు. గోల్‌లో రెండు చేతులూ వేలాడేసుకుని కాసేపు నిలబడి, పోస్టును ఒకసారి తట్టి, ఉత్త సైకిలు నడిపించుకుంటూ పోయాడు. ఎక్కి తొక్కవచ్చునన్న సంగతి కూడా తట్టినట్టు లేదు. ఆ రోజు ఫోటో తీసేవాడు ఎవడూ రాలేదు.

మా గుమాస్తా బామ్మర్ది చివరిదాకా ఆ మిల్లులోనే చేశాడు. వయసు మీద పడ్డాక, ఫైనల్లో గోల్ కాచింది తానేనని చెప్పడం మొదలుపెట్టాడు. అబద్ధమని కూడా అనలేను. ఫోటోలో తక్కిన పదిమందీ ఎక్కడాడారో ఊరందరికీ తెలుసు, మిగిలింది గోల్ ఒక్కటే. అతను కూడా నమ్మేశాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత కాజీపేట స్టేషన్లో బూట్ల జట్టు ఫార్వర్డు ఒకతను నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టింది నన్ను కాదు, మా మిల్లు పేరు విని ఆగాడు. "మీ గోలీ ఎట్లున్నడు భాయ్? ఆ రోజు నేనే ఆరుసార్లు కొట్టిన. ఒక్కసారి పక్కటెముకల మీద తన్నిన గూడ. బాల్ ఇడువలే. గోల్ ఎవలు కొట్టిండ్రో యాది లేదు గనీ, ఆ మనిషి మాత్రం మనసుల నిలవడ్డడు," అన్నాడు. గోల్ కొట్టింది నేనేనని చెప్పలేదు. ఆ దెబ్బతో ఫైనల్ సాయంత్రం నాలుగు గుంజలు పీకి, అంత దూరం నడిచిపోయాడన్నమాట. నాకెప్పుడూ చెప్పలేదు. అడిగి ఉంటే చెప్పేవాడేమో.

ఆ ఆరు ఫోటోల్లో ఫైనల్ ఫోటోను మొన్న ఆయన కూతురు చేతికి తీసుకుంది. తిప్పి వెనక రాత చూసి నాకిచ్చింది.

"గివి మీ పేర్లా? సదువు కాకా. నాకు సదువు రాదు."

చదివాను. ఎడమ నుంచి కుడికి, పదకొండు పేర్లు. ఒకప్పుడు గుమాస్తా ముందు గడగడా చదివినవే. ఇప్పుడు ఒక్కో పేరూ నోట్లోంచి రావడం కష్టమయింది. అయ్యాక ఇక దాచడం నా వల్ల కాలేదు. లెక్కపెట్టింది నేనేనని, తియ్యమన్నది నేనేనని, సేటు ముందు మాట మింగింది నేనేనని ఆమెకు చెప్పాను. నీ బడి పోయింది నా వల్లే బిడ్డా అన్నాను.

ఆమె ఫోటోను నా చేతిలోంచి తీసుకుని బొమ్మ వైపు తిప్పుకుంది. ఫోటోనే చూస్తూ కూర్చుంది. చివరకు, "నాయిన చెప్పిండు కాకా," అంది. "తమ్ముడు రెండుసార్లు పిలిచిండు, నేనే పోలే అని చెప్పేటోడు. సేటుకాడ సంగతి మాత్రం ఇప్పుడే ఇంటున్న."

నేను తలెత్తలేదు. ఆమే ఫోటోను నా కళ్ల దగ్గరికి తెచ్చింది.

"కాకా, గిదేంది?"

నా భుజం వెనక, దూరంగా, గోల్ ఉండవలసిన చోట తెల్లటి గీత ఒకటి నిలబడి ఉంది. ఒక్కటే గుంజ. దాన్ని రెండు చేతులా కౌగిలించుకున్నట్టు పట్టుకుని ఒక మనిషి. మొహం తెలియడం లేదు, గోటిమీద పట్టేంత చిన్నగా, మసకగా ఉన్నాడు. మోచేతి దగ్గర తెల్లగా దూది. ఇన్నేళ్లూ ఆ ఫోటో నా గోడకే ఉంది. నేను ఎప్పుడూ నన్నే చూసుకున్నాను.

ఆ సాయంత్రమే ఇద్దరం హన్మకొండ స్టూడియోకు పోయాం. ఆ మనిషిని మాత్రమే పెద్దది చెయ్యమన్నాం. మసకగా వస్తుంది, మళ్లీ నన్ననవద్దన్నాడు స్టూడియో అతను. చేసిచ్చాడు. ఫోటోలోంచి మేం పదకొండు మందిమీ పోయాం. గుంజ, గుంజ పట్టుకున్న మనిషి, చుట్టూ బీడు. ఒక అంచున మాత్రం నా భుజం, దండ తాలూకు రెండు పూలు పడ్డాయి.

"ఆ ముక్క కత్తిరించెయ్," అన్నాను స్టూడియో అతనితో.

ఆ అమ్మాయి ఫోటో మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్ కాకా. లేకుంటె నాయిన ఒక్కడే ఐతడు."